రాయి దాటిన నీళ్లు

మా నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు మొన్న ఇంటికొచ్చి, ప్రాజెక్టు చరిత్ర నాలుగు పేజీల్లో రాసివ్వమని అడిగారు. కట్ట పొడవెంత, ఎత్తెంత, ఎన్ని ఎకరాలు పారుతుంది, శంకుస్థాపన ఎవరు చేశారు, ఇవన్నీ కట్ట మీది బోర్డులోనే ఉన్నాయి. వచ్చిపోయిన పెద్దల పేర్లయితే మరీ పెద్ద అక్షరాల్లో రాశారు. వాటిని మళ్లీ ఎత్తి రాసే ఓపిక నాకు లేదు. నేను రాసేది బోర్డులో లేని సంగతి, అది నేను చేసిన తప్పు. పెన్షనులోకి వచ్చి చాలా కాలమైంది, ఇప్పుడు నన్ను ఎవరూ బదిలీ చేయలేరు. ఆ ధైర్యంతోనే కూర్చున్నాను.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు వికారాబాదులో చైన్‌మన్‌గా చేరాను. చైన్‌మన్ అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు, భూమి కొలిచే ఇనుప గొలుసు ఒక కొస పట్టుకుని తుమ్మముళ్లలో నడిచేవాడు. చదివింది ఉర్దూలో ఏడో తరగతి. ఆఫీసు కాగితాలు కూడా అప్పటికింకా ఉర్దూలోనే ఉండేవి. వాటిలో ఇప్పుడు ప్రాజెక్టు ఉన్న ఈ వాగు మీద ఆనకట్ట కట్టడానికి నిజాం కాలంలో ఎవరో గీసిన నక్షా ఒకటి ఉండేది. ప్రతి కొత్త ఆఫీసరూ వచ్చిన మొదటి వారంలో దాన్ని విప్పించి, చెదలు దులిపించి, గంభీరంగా చూసి, మళ్లీ కట్టించి బీరువాలో పెట్టించేవాడు. అట్లా పదేళ్లకు పైగా దాన్ని విప్పాం, కట్టాం. కాగితాలు ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారాయి, రాష్ట్రం మారింది, నేను శాఖా పరీక్షలు రాసి ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రం చేతికిచ్చే స్థాయికి వచ్చాను. నక్షా మాత్రం బీరువాలోనే ఉంది.

చివరికి అరవైల్లో మంజూరైంది. అనంతగిరి గుట్టల మీద కురిసిన వాన అంతా ఊరికే కాగ్నా నదిలో కలిసిపోతోంది, దాన్ని ఇక్కడ నిలిపితే తాండూరు దిక్కు భూములు పారతాయి అన్నారు. కరెంటు కూడా పుడుతుందని ఎవరో పుకారు పుట్టించారు. ఆ పుకారు తప్ప ఏమీ పుట్టలేదు, కానీ దాని వల్ల మాకు ఊళ్లల్లో మర్యాద మాత్రం బాగా జరిగింది.

నాకు అప్పగించిన పని మునక గీత గుర్తుపెట్టడం. కట్ట కట్టాక నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో ముందే కొలిచి, ఆ అంచు పొడుగునా తాండూరు నాపరాళ్లు పాతుకుంటూ పోవాలి. రాళ్లకు లోపలున్న ఇళ్లు, పొలాలు మునకలోకి వస్తాయి, వాళ్లకు వేరే చోట భూమి ఇస్తారు. రాళ్లకు బయట ఉన్నవాళ్లు ఉన్నచోటే ఉంటారు. చెప్పడానికి ఇంతే. నిజానికి రాళ్లు రెండు వరసలు ఉండాలి. మొదటి వరస, జలాశయం నిండినప్పుడు నీళ్లు నిలిచే మట్టం. నిండిన తర్వాత కూడా వరద వస్తే ఆ నీళ్లు అలుగు మీది నుంచి దుంకి పోవాలి. అలుగు మీద నాలుగడుగుల నీళ్లు పారుతున్నాయంటే, వెనక జలాశయం అంతటా కూడా నాలుగడుగులు లేచినట్టే. ఆ మట్టానికి రెండో వరస పాతాలి.

మా ఇంజనీరుగారు కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చినవారు, మంచి మనిషి, పనిలో నిదానం. "అలుగు డిజైను ఇంకా ఖరారు కాలేదయ్యా, దాని మీద ఎన్ని అడుగులు పారుతుందో తేలాక రెండో వరస వేద్దాం. ముందు మొదటిది పూర్తి చేసెయ్" అన్నారు. అందులో తప్పేమీ లేదు. డిజైను ఖరారయ్యాక గుర్తుచేయాల్సింది నేను. చేయలేదు. ఎందుకు చేయలేదంటే ఇప్పటికీ నా దగ్గర పెద్ద కారణం లేదు. ఎండల్లో పన్నెండు మైళ్ల గీత నడిచి కాళ్లు పగిలిపోయి ఉన్నాను, మళ్లీ నడవమంటారేమోనని ఊరుకున్నాను.

నా వెంట కొలత కర్ర పట్టడానికి మోమిన్‌పేట దగ్గరి ఊరి నుంచి ఒకాయన వచ్చేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్లు క్రైస్తవులు, తాతలనాటి నుంచి వ్యవసాయ కూలీలు. సద్ది విప్పే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు, అది అయ్యేదాకా నేను కూడా ముద్ద నోట్లో పెట్టకుండా ఆగేవాణ్ణి. కర్ర నిలబెడితే గోడకు కొట్టిన మేకులా కదలకుండా నిలబెట్టేవాడు. మాట తక్కువ.

గీత అట్లా పోతూ పోతూ ఒక గొర్రెల కాపరుల గూడెం దగ్గరికి చేరింది. నాలుగు మట్టి ఇళ్లు, ఒక పెద్ద దొడ్డి. ఆ నాలుగు కుటుంబాలకూ పెద్దదిక్కు ఒక అవ్వ. కొడుకులు మందను తోలుకుని గుట్టల్లోకి పోతే, పగలంతా ఆమె, చిన్న కోడలు ఇంటి దగ్గర ఉండేవాళ్లు. కాపరులు పాలు తాగే గొర్రెపిల్లలను మంద వెంట తోలరు. తల్లులు మేసి వచ్చేదాకా దొడ్లో మూసి పెడతారు. ఆ దొడ్డి గోడలు అవ్వే తన చేతులతో మెత్తిందట. చిన్న కోడలు సరిహద్దు అవతల కన్నడ ఊరి పిల్ల, తెలుగు సగం, కన్నడం సగం మాట్లాడేది.

నాలుగు రోజులు అక్కడే పని. నాలుగు రోజులూ మధ్యాహ్నం జొన్నరొట్టె, కందిపప్పు అవ్వ ఇంట్లోనే. మూడో రోజు యంత్రం దగ్గరికి వచ్చి నిలబడింది.

"గీ మూడు కాళ్ల దాంట్ల ఏం కనవడ్తది, కొడుకా?"

చూడమన్నాను. కన్ను ఆనించింది. ఆ రోజుల్లో మా యంత్రాల్లో అంతా తలకిందులుగా కనపడేది, మేము అలవాటు మీద అట్లాగే చదివేవాళ్లం. అవ్వ చాలాసేపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నా గొర్లు కాళ్లు మీదికి వెట్టి మేస్తున్నయి గద. గిదాంట్ల జూసి నువ్వు మా ఊరి సంగతి జెప్తవా?"

కర్ర పట్టినాయన కూడా నవ్వాడు. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది, ఆ మాట దాచను.

నాలుగో రోజు రాయి పాతాం. వాళ్ల దొడ్డికి కింద, పల్లం వైపు పడింది. అంటే గూడెం మునకలో లేదు. అవ్వ వచ్చి ఆ రాయిని అరచేత్తో తట్టి చూసింది.

"గీ రాయి దాటి నీళ్లు రావు గద?"

"రావు."

"అలుగు దుంకినప్పుడో? మా తల్లిగారి ఊర్ల చెరువు అలుగు వారితే నీళ్లు యాడికో ఎక్కుతుండె."

కర్ర పట్టినాయన నా వైపు చూశాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు కూడా. నేను కళ్లతోనే ఆపాను.

"చెరువు వేరు, ప్రాజెక్టు వేరు అవ్వా. లెక్కలు కట్టి చేస్తున్నం. నువ్వు ఫికర్ చెయ్యకు."

అవ్వ అడిగింది సరైన ప్రశ్న. జవాబు నాకు పూర్తిగా తెలియదు, అలుగు లెక్క ఇంకా తేలలేదు. ఆ మాటే చెప్పి ఉండొచ్చు. కానీ నాలుగు రోజులు ఆమె రొట్టె తిన్నాను, పోతూ పోతూ ఒక మంచి మాట చెప్పి పోవాలనిపించింది. అదీగాక నా యంత్రాన్ని చూసి నవ్విన మనిషి ముందు తెలియదు అనడానికి మనసొప్పలేదు. చిన్న ఉద్యోగులకు ఉండే పెద్ద రోగం ఇది.

రాళ్ల లోపల పడిన కింది ఊరివాళ్లు పేర్లు రాయించుకున్నారు. మొదట ఏడ్చారు, తిట్టారు, తర్వాత కాలువ కింద మంచి నల్లరేగడి ఇచ్చారని తెలిసి బండ్లు కట్టుకుని పోయారు. మన పేర్లు కూడా రాయిద్దామా అని అవ్వను పెద్దకొడుకు అడిగాడట. "సారు రాదన్నడు, ఊకో" అన్నదట. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కట్ట పూర్తయ్యాక మొదటి ఏడు సగమే నిండింది. రెండో ఏడు భాద్రపదంలో ముసురు పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. మూడో రోజు తెల్లారేసరికి అలుగు పారింది. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా తడుస్తూ వచ్చేశారు. కొబ్బరికాయలు కొట్టారు, పసుపు కుంకుమలు వేశారు, ఎవరో మిఠాయి పంచారు. ఇంజనీరుగారు గొడుగు కింద నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ అలుగు చూపించి మురిసిపోతున్నారు. అన్నేళ్లు బీరువాలో పడి ఉన్న నక్షా అది. నేను కూడా ఒక మిఠాయి అందుకున్నాను.

నా పని గంటకోసారి మట్టం చదవడం. పొద్దున అలుగు మీద ఒక అడుగు. రెండు గంటలు గడిచేసరికి రెండు. ఆ తర్వాత చూస్తే మూడు దాటింది. కర్ర పట్టినాయన నా పక్కకొచ్చాడు.

"సారూ, గీడ అలుగు మీద మూడడుగులంటే అవ్వోళ్ల రాయి మీద గూడ మూడడుగులే గద."

ఆ లెక్క నాకు రెండడుగుల దగ్గరే వచ్చింది. వచ్చినా మిఠాయి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన అన్నాకే కాళ్లు కదిలాయి. ఇద్దరం నీళ్ల అంచు పట్టుకుని నాలుగు మైళ్లు బురదలో నడిచాం. చేరేసరికి మధ్యాహ్నమైంది.

వాగు పొంగితే చప్పుడు చేస్తుంది, మనిషి లేచి పరుగెత్తుతాడు. జలాశయం వెనక నీళ్లు అట్లా కాదు, చప్పుడు లేకుండా లేస్తాయి. పొద్దున మందను తోలుకుపోయినప్పుడు నీళ్లు అప్పుడప్పుడే రాయిని తాకుతున్నాయట, మగవాళ్లకు అనుమానం రాలేదు. మేము పోయేసరికి దొడ్డిలో నడుము లోతు. చిన్న కోడలు లోపల నిలబడి గొర్రెపిల్లలను ఒక్కొక్కటే గోడ మీదికి ఎత్తి పెడుతోంది. మమ్మల్ని చూసి "నీరు బంతు, నీరు బంతు" అంటోంది. నీళ్లొచ్చాయి, నీళ్లొచ్చాయి. ఆ పిల్ల నోట ఇంకో మాట లేదు. కర్ర పట్టినాయన వెంటనే దూకాడు, వెనక నేను. తడిసిన గొర్రెపిల్ల ఎంత బరువుంటుందో అంతకుముందు నాకు తెలియదు. తీసినవాటిని తీశాం. ఒక మూలన ఒకదాని మీద ఒకటి పడి మునిగిపోయినవి పదకొండు. మేము పైకి ఎక్కిన కాసేపటికి నీళ్లలో నానిన రెండు ఇళ్ల గోడలు కూర్చున్నట్టుగా కిందికి దిగిపోయాయి.

అవ్వ మిట్ట మీద కూర్చుని, వణుకుతున్న గొర్రెపిల్లలను గోనెసంచితో తుడుస్తోంది. తిడుతుందని దగ్గరికి పోయి నిలబడ్డాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"గీ వానల గింత దూరం నడ్సుకుంట వచ్చినవా?" అంది, అంతే.

రెండు రోజులకు వరద తగ్గింది, నీళ్లు రాయి దగ్గరికి దిగిపోయాయి. పై ఆఫీసుకు వరద నివేదిక పంపాలి. ఇంజనీరుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"రాళ్ల పైకి నీళ్లొచ్చాయని రాస్తే, రెండో వరస ఎందుకు వేయలేదంటారు. కొత్త ప్రాజెక్టయ్యా. నీళ్లు వచ్చాయి, పోయాయి. రాళ్లదాకా వచ్చాయని రాసెయ్. వచ్చే ఎండాకాలం మనమే రెండో వరస వేసేద్దాం."

రాశాను. చేయి వణికిందని, రాత్రంతా నిద్రపట్టలేదని రాస్తే మీకు నా మీద జాలి కలుగుతుందేమో గానీ, అవేమీ జరగలేదు. పని అయిపోయిందన్న అలసట తప్ప ఆ రోజు నాలో ఏమీ లేదు. ఎండాకాలం వచ్చింది, పోయింది. రెండో వరస పాతలేదు. ఆ ఏడు వానలు తక్కువ, అలుగు పారలేదు.

మరుసటి మాఘంలో, అలల తాకిడికి ఒరిగిపోయిన రాళ్లను నిలబెట్టమని పంపితే మళ్లీ ఆ గూడేనికి పోయాను. అదే కర్ర పట్టినాయన నాతో ఉన్నాడు. గూడెం చుట్టూ తుమ్మచెట్లకు, రేగుపొదలకు వెలిసిపోయిన గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. ఎవరో మొక్కుకుని కట్టారనుకున్నాను. ఏ దేవతకు అవ్వా అని నవ్వుతూ అడిగాను కూడా.

"దేవత గాదు. ఆనాడు నీళ్లు నిండ నిలవడ్డప్పుడు నేను, కోడలు నీళ్లెమ్మటి తిరిగి కట్టినం. నా పాత చీరనే అది. నీళ్లు పోయినంక, యాడి దాక వచ్చినయని సారోళ్లు అడిగితే ఏం జూపెడ్తం అని." పక్కనున్న పేలిక ముడి బిగించింది. "ఎవలు రాలే. రాయి దాకనే వచ్చినయని నువ్వే రాసినవట గద. పట్వారి జెప్పిండు."

 మూడు కాళ్ల యంత్రం నిలబెట్టాను. నాకు తెలిసిన పని అదొక్కటే. కర్ర పట్టినాయన నేను చెప్పకముందే మొదటి పేలిక దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఒక్కొక్క పేలికకూ కర్ర పెట్టించి చదివాను. మొత్తం ఇరవై రెండు. మొదటిదానికీ చివరిదానికీ అంగుళం తేడా లేదు. యంత్రం లేకుండా, చదువు లేకుండా, ముసురులో తడుస్తూ, ఇల్లు కూలిన పూట, ఒక ముసలామె వేసిన గీత అది. నేను మూడు నెలలు తిరిగి వేసిన గీత కంటే బాగుంది.

అన్నీ లెవెల్ పుస్తకంలో ఎక్కించి, వరద నాడు నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి, నేను ముందు పంపిన నివేదిక తప్పు అని కింద రాసి సంతకం పెట్టాను. ఇంజనీరుగారు ఆ పేజీని చదివారు.

"ఇది పంపితే ముందు రాసింది అబద్ధమని నువ్వే ఒప్పుకున్నట్టు."

"అవునండి."

"రాయించింది ఎవరని కూడా అడుగుతారు."

"అడిగితే చెప్పవలసి వస్తుందండి."

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తన సంతకం కూడా పెట్టి పై ఆఫీసుకు పంపించారు. అందుకే ఆయన మంచి మనిషి అని మొదట్లోనే రాశాను. ఆయనకు బదిలీ, నాకు మెమో వచ్చాయి. అందులో అన్యాయమేమీ లేదు.

ఆ కాగితం మీద గూడెం మునక జాబితాలోకి ఎక్కింది. నేను చేసిన తప్పు దిద్దుకున్నానని కొన్నాళ్లు తృప్తిగా తిరిగాను. కానీ జాబితాలో పేరెక్కితే ఆ చోటు ఖాళీ చేయాలి. పోవాల్సిన చోటు ఏదో చూద్దామని నేనే వెళ్లాను. కాలువ కింది నల్లరేగడి అంతా కింది ఊరివాళ్లకు ఎప్పుడో పంచేశారు. వీళ్లకు మిగిలింది బంట్వారం దిక్కు గరుగు నేల. రాళ్లు, గచ్చపొదలు. గొర్రెలకు నీళ్లు తాపాలంటే మైలున్నర నడవాలి.

వాళ్లు పోయే రోజు పొద్దున నేను కూడా వెళ్లాను. చివరి బండి మీద వాసాలు, కుండలు, గోనెసంచులు కట్టి ఉన్నాయి. కొడుకులు నా వైపు చూడలేదు. కోడలు బండి చాటుకు పోయింది. అవ్వ ఒక్కతే వచ్చి ఎదురుగా నిలబడింది.

"తప్పు నాదే, అవ్వా" అన్నాను. ఆ మాట అనడానికి ఎన్నో రోజులు పట్టింది.

"నాకెర్కే గద." బంట్వారం దిక్కు చూసింది. "ఆ భూమి జూసి వచ్చిన కొడుకా. గడ్డి గూడ సక్కగ మొల్వది. కాల్వ కింద నేల ముందుగాల వోయినోళ్లకు వోయింది."

బండి మీంచి జారుతున్న గోనెసంచిని పైకి నెట్టాను.

"ఆ దినం నేనడిగినప్పుడు, నాకు తెల్వదు అవ్వా అంటే అయిపోతుండె గద. మేం గూడ పేర్లు రాయించుకుంటుంటిమి."

బండి కదిలింది. అవ్వ చేతికర్ర పట్టుకుని దాని వెనకాలే నడిచిపోయింది. ఆ మాట ఆమె కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.